దాతలు వచ్చేదాకా

మా అప్పని ఎక్కడ ఉంచాలో రాయగడలో నాకు తప్ప అందరికీ తెలుసు. ఎదురు కొట్టు బట్టల వ్యాపారికి తెలుసు, కోవెల పంతులుగారికి తెలుసు, నెలకోసారి కనబడే మా వియ్యపురాలికి కూడా తెలుసు. "ఇంకా ఆలోచనేటమ్మా, మన ట్రస్టు హోము ఉండగా!" అని అందరిదీ ఒకటే మాట. మీరు చూశారా అని అడిగితే, "ఓ, ఎన్నిసార్లో!" అనేవారు. ఆ "ఎన్నిసార్లో" వినబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎందుకు మండుతోందో మాత్రం అప్పటికి నాకే సరిగ్గా తెలీదు.

అప్ప అంటే మా పెద్దక్క. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ఒడిశా ఊళ్ళో స్థిరపడ్డ మా ఇళ్ళలో అక్కని అప్ప అనే పిలుస్తాం. గుణుపూర్‌లో ధాన్యం వ్యాపారుల ఇంటికి కోడలిగా వెళ్ళి, పిల్లలు కలగకుండానే భర్తని పోగొట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చింది. నాకు జడ వేసింది తనే, తరాజు పట్టడం నేర్పింది తనే. మా ఆయన పోయాక మేమిద్దరం కొట్టు మీది మేడలో కాపురం పెట్టాం. కింద చింతపండు, పసుపు, వలిసె నూనెగింజల టోకు వ్యాపారం నాది. పైన వంటిల్లు తనది. వంటింటి కిటికీలోంచి తొంగి చూసి, బస్తాలు మోసే కళాసీలని నాకంటే గట్టిగా కేకలేసేది కూడా తనే.

అలాంటి మనిషి మేడ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. ఎముక అతుక్కుంది కానీ మనిషి లేవలేదు. పక్కకి తిప్పాలన్నా ఇద్దరు కావాలి. దానికి తోడు షుగరు, పూటపూటా అన్నానికి ముందు ఇన్సులిన్ సూది. మేడ ఎక్కించలేక కొట్టు వెనక గోడౌన్ పక్క గదిలో మంచం వేశాం. పెట్టుకున్న ఆయాలు వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయారు. అప్పని ఎత్తబోయి నా భుజం కాస్తా పట్టేసింది. ఒకరోజు తనే అంది. "అమ్మీ, ఇద్దరం ఒక్క మంచాన పడితే మనల్ని ఎత్తీదెవలే? నన్ను ఎక్కడైనా మంచి చోట పెట్టు. మంచి చోటంటే మంచి చోటే, సెప్తన్నాను" అని. ఆ మాట నేను పట్టుకున్నాను.

మా తమ్ముడైతే ఆ రోజే అంతా తేల్చేశాడు. వాడికి మార్కెట్లో పెద్ద కిరాణా టోకు దుకాణం ఉంది. మా వాళ్ళంతా కలిసి నడిపే ఆ ట్రస్టులో వాడూ ఒక పెద్ద. పేరుకి వృద్ధాశ్రమమే కానీ, మంచం పట్టినవాళ్ళని చూసుకునే నర్సింగ్ హోమ్ కూడా అదే. నర్సు ఉంది, ఆయాలున్నారు, ఆక్సిజన్ సిలిండరు ఉంది. అక్కడ బోరు వేయించింది మా తమ్ముడే. కరోనా రోజుల్లో పాలవాడు రాకపోతే తనే పాలు మోసుకెళ్ళి గుమ్మంలో పెట్టి వచ్చాడు. వాడు చెడ్డవాడు కాదు. ముందే చెబుతున్నాను, తర్వాత నేను వాడిని తిట్టేటప్పుడు గుర్తుంచుకోండి.

"సిన్నప్పా, ఇంక నువ్వు సూసీదేటి? అది మనదే కదా" అన్నాడు.

"మనదైతే మరీ చూడాలి" అన్నాను.

చింతపండు కొనేటప్పుడు బుట్ట పైన పరిచిన ఎర్రటి పండు చూసి ధర కట్టేవాళ్ళున్నారు. నేను మోచేతిదాకా చెయ్యి లోపలికి పెడతాను. కొండల నుంచి సరుకు తెచ్చేవాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు, నవ్వుకోనీ. మా అప్ప వెళ్ళే చోట కూడా అలా చెయ్యి పెట్టి చూడందే పంపకూడదనుకున్నాను. అప్పుడే నా ఒళ్ళు ఎందుకు మండుతోందో అర్థమైంది. వీళ్ళంతా ఆ హోము చూసింది ఎప్పుడు? పుట్టినరోజులకి, పెళ్ళిరోజులకి, పోయినవాళ్ళ పేరున భోజనాలు పెట్టేటప్పుడు. అది మా వాళ్ళందరికీ ఉన్న అలవాటు. మా నాన్న పేరున మేమూ ఏటా ఒక పూట పెడతాం. ఆ రోజు అక్కడ దుప్పట్లు ఉతికినవి, తలలు దువ్వినవి, అరిటాకులో పాయసం. వడ్డించి, ఫోటో దిగి, కళ్ళు తుడుచుకుని ఇంటికొస్తాం. ఎన్నిసార్లు వెళ్ళినా మేము చూసింది పండగ రోజునే.

సరే, దాతలు లేని రోజు చూద్దామని హోము మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయన పకపకా నవ్వాడు. "దాతలు లేని రోజా అమ్మగారూ? అలాంటి రోజు మా దగ్గర లేదండి! ఏడాది పొడుగునా మధ్యాహ్నాలు బుక్కయిపోయుంటాయి. అంతా మీలాంటి వాళ్ళ దయ" అన్నాడు గర్వంగా. నేను ఫోన్ పెట్టేశాను. వస్తున్నానని చెప్పకుండానే మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కాను.

అన్యాయంగా మాట్లాడటం నాకు చేతకాదు. ఆ హోము బాగుంది. స్నానాలగదిలో నేల జారకుండా గరుకు పలకలు వేశారు. గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ ఉంటే, నా బరువంతా వేసి వేలాడి చూశాను, కదల్లేదు. అది చూసి ఒక ఆయా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మంచాన ఉన్నవాళ్ళ దగ్గర దుప్పటి ఎత్తి చూడనిమ్మని అడిగాను. వీపులు శుభ్రంగా ఉన్నాయి, పుండ్లు లేవు, వాసన లేదు. ఖాళీ మంచం దగ్గర గంట నొక్కి నిలబడితే అదే ఆయా పరిగెత్తుకొచ్చి, "ఏటమ్మా, ఏటి కావాల?" అంది ఆప్యాయంగా. ఇన్సులిన్ బుడ్లు ఫ్రిజ్‌లో విడిగా ఒక డబ్బాలో ఉన్నాయి. హాల్లో తెలుగు టీవీ మోగుతోంది. అప్ప ఇక్కడ ఉంటే రెండు రోజుల్లో అందరి మీదా పెత్తనం చేస్తుందని నాలో నేనే నవ్వుకున్నాను.

ఒక్కటే నాకు నచ్చలేదు. "ఇక్కడ ఎవరైనా జారి పడ్డారా?" అని అడిగితే మేనేజరు చెంపలు వేసుకుని, "ఇంతవరకు ఒక్కరు కూడా పడలేదమ్మగారూ, దేవుడి దయ" అన్నాడు. ఇంతమంది ముసలివాళ్ళు, ఇన్నేళ్ళు, ఒక్కరు కూడా పడకపోవడమేమిటి? తరాజు ముందు నిలబడి "తరుగే లేదు" అనేవాడిని నేనెప్పుడూ నమ్మలేదు. అయినా పోనీలే అనుకున్నాను. మిగతాదంతా అంత బాగుంటే మనసు ఒప్పుకోవడానికే చూస్తుంది.

మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే నర్సు వచ్చింది. షుగరున్న వాళ్ళకి వరసగా సూదులు వేసి, అందరినీ పేరుపేరునా పలకరించి, ఇంకో ఆసుపత్రిలో డ్యూటీ ఉందంటూ స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. ముసలివాళ్ళని తీసుకొచ్చి హాల్లో బల్లల ముందు కూర్చోబెట్టారు. గోడకి రంగు కాగితాలు, బుడగలు కట్టారు. ఎవరిదో మనవరాలి మొదటి పుట్టినరోజట. అందరి ముందూ కంచాలు పెట్టారు. కంచాల్లో ఏమీ లేదు.

నేను వంటింట్లోకి తొంగి చూశాను. పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. "ఇవాళ వంట లేదమ్మా, దాతలు తెస్తారు" అంది ఆయా. సరే, వస్తారు కదా అని నేనూ కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ రాలేదు. మేనేజరు గేటు దగ్గరికి వెళ్ళడం, ఫోన్ చెయ్యడం, మళ్ళీ లోపలికి రావడం. "బయల్దేరుతన్నారట. పాప నిద్దర లెగలేదట. పాప లేకుండా ఎలాగ?" అన్నాడు. నా పక్కన ఒక పెద్దాయన గ్లాసుడు నీళ్ళు తాగి, మళ్ళీ నీళ్ళు పోయమన్నాడు. ఇంకొకాయన ఖాళీ కంచాన్ని పంచె చెంగుతో తుడుస్తున్నాడు. ఎవరూ ఏమీ అనడం లేదు.

స్తంభం పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. సన్నగా, తెల్లగా, మా అప్ప ఈడుది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్నా మొహమంతా చెమట. చీర చెంగుతో తుడుచుకుంటోంది, మళ్ళీ పడుతోంది. నా వైపు చూసి, "కోడలా, పాలు పొంగిపోతన్నాయి సూడే" అంది. విశాఖపట్నం ఆసుపత్రిలో స్కానింగ్ కోసం అప్పకి అన్నం ఆపినప్పుడు సరిగ్గా ఇలాగే, చెమటలు పోసి, నన్ను చూసి అమ్మా అని పిలిచింది. ఆ రోజు పక్కన డాక్టరు ఉన్నాడు కాబట్టి సరిపోయింది. సూది పడ్డాక అన్నం పడకపోతే మనిషి నిమిషాల్లో జారిపోతుందని ఆయనే చెప్పాడు.

"పంచదార! పంచదార తెండి!" అని అరిచాను. ఆయా వంటింట్లోకి పరిగెత్తి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. సరుకుల గదికి తాళం, తాళం వంటమనిషి దగ్గర, వంట లేదు కాబట్టి వంటమనిషి ఇవాళ రాలేదు. ఓరి భగవంతుడా! నేను చెప్పులు కూడా తొడుక్కోకుండా గేటు దాటి, ఎదురుగా ఉన్న టీ బండి మీది పంచదార డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకున్నాను. "ఏయ్ మావుసీ!" అని వాడు వెనక నుంచి ఒడియాలో కేకలు. లోపలికొచ్చి గ్లాసులో కలిపాను. ఆయా ఆవిడ తల వాలిపోకుండా పట్టుకుంది, నేను కొంచెం కొంచెంగా తాగించాను. మింగుతోంది. చాలాసేపటికి ఆవిడ నా మొహంలోకి చూసి, "నువ్వెవలివమ్మా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

మేనేజరు కంగారుగా నా దగ్గరికొచ్చి, "భయపడకండమ్మగారూ, ఇలాగ అప్పుడప్పుడూ అవుతాది" అన్నాడు.

"అప్పుడప్పుడూనా? అంటే ఇదివరకూ అయిందన్నమాట! సూది కాస్త ఆగి వెయ్యొచ్చు కదయ్యా?"

"నర్సమ్మకి టైము కుదరదండి."

"అయితే అన్నం వండి ఉంచొచ్చు కదా? పప్పూ అన్నం వండటానికి ఏం పోయింది?"

ఆయన నన్ను చిన్నపిల్లకి చెప్పినట్టు నచ్చజెప్పాడు. "దాతలు తెస్తుంటే మనం వండితే పారపొయ్యడమే కదండీ. పైగా ముందే తినేస్తే వాళ్ళొచ్చేసరికి ఎవరికీ ఆకలుండదు. వడ్డించినదాన్ని వదిలేస్తే దాతలు బాధపడతారు."

ఆయన ఆ మాట ఎంత మంచి మనసుతో అన్నాడో చెప్పలేను. అందుకే నాకు మరీ కోపం వచ్చింది. ముసలివాళ్ళ ఆకలిని దాతల కోసం దాచి ఉంచుతున్నారు! నేను మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళి, తోపుడు బండి మీది అరటిపళ్ళన్నీ కొనేసి తెచ్చి, ఒక్కొక్క కంచంలో రెండేసి పెట్టాను. తినండి, తినండని కేకలేశాను. ఇద్దరు ముగ్గురు మేనేజరు మొహం వైపు చూశారు. "అటు చూడకండి, ఇటు చూడండి. తినండి!" అన్నాను. వాళ్ళు తొక్కలు వొలుస్తుండగానే పట్టుచీరలు, కేకు, వీడియో తీసే కుర్రాడూ దిగారు. పాప నిజంగానే ముద్దుగా ఉంది. దాన్ని తప్పు పట్టను. దాని తాత మాత్రం అరటితొక్కలు చూసి, "ఎవరీవిడ? మా పూట ఈవిడెందుకు పెడతన్నాది?" అని మేనేజరు మీద విరుచుకుపడ్డాడు.

నేను ఇంటికి చేరేసరికి వార్త నాకంటే ముందు చేరిపోయింది. మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. తమ్ముడు మా కొట్టు ముందే నిలబడి ఉన్నాడు, మొహం కందగడ్డలా ఉంది.

"నలుగురిలో నా పరువు తీసేవు సిన్నప్పా! ఆళ్ళు హోముకి గది కట్టించినోళ్ళు. ఒక్క రోజు ఆలీసం అయితే అంత రచ్చ సేస్తావా?"

"ఒక్క రోజు కాదురా, అప్పుడప్పుడూనట. మీ మేనేజరే చెప్పాడు. ఆవిడ పోతే ఏం చేసేవారు?"

"పోలేదు కదా!"

"ఆ టీ బండివాడు ఇవాళ సెలవు పెడితే పోయేది."

నేను ఊరుకోలేదు. రోజూ పన్నెండు గంటలకి హోములో సొంతంగా పప్పన్నం వండి వడ్డించెయ్యండి, దాతలు సాయంత్రం వచ్చి పాయసం పెట్టుకోనీ, ఫోటోలు దిగనీ అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "నీకు తెల్దు. దాతలు ఆళ్ళ చేత్తో వడ్డించి, ఆళ్ళు తింటుంటే సూసి, అప్పుడు తృప్తి పడి ఇస్తారు. అది తీసీస్తే ఎవలిస్తారు? హోము మూసీడమే. ట్రస్టులో ఒక్కరూ ఒప్పుకోరు." వాడు చెప్పింది నిజమే. ఆ హోము నడుస్తున్నది ఆ తృప్తి మీదే.

"అయితే అప్ప అక్కడికి వెళ్ళదు" అన్నాను.

"పెద్దప్పే అక్కడికి ఎల్తానంది. మనోళ్ళ మధ్య ఉంటానంది. అడుగు పోనీ!"

అదీ నిజమే. అందుకే నాకు భయం. మధ్యాహ్నం జరిగింది అప్పకి చెప్పలేదు. వేరే చోటు చూపించలేకుండా ఉన్న చోటు పాడని చెప్పి ఏం లాభం? మంచాన ఉన్న మనిషిని భయపెట్టడం తప్ప.

లమ్తపుట్ నుంచి మాకు అల్లం పంపే రైతు ఒకాయన ఉన్నాడు. వాళ్ళమ్మ పక్షవాతం వచ్చి కొరాపుట్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చాలాకాలం ఉందని ఎప్పుడో చెప్పాడు. ఆయనకి ఫోన్ చేస్తే దారి చెప్పాడు. "ఆ ఇల్లు నడిపే ఆవిడ నోరు మంచిది కాదమ్మా, ముందే సెప్తన్నాను" అన్నాడు. ఫర్వాలేదు, నా నోరూ మంచిది కాదన్నాను.

వారం తిరక్కుండా కొరాపుట్ రైలెక్కాను. టికిరి వరకు బోగీ నిండా డొరగుడ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, వాళ్ళు దిగాక సొరంగాలు. కొరాపుట్‌లో దిగేసరికి చలిగాలి. ఆ ఇల్లు ఎత్తు మీద ఉంది, గేటు దాకా ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. రేకుల కప్పు. వరండాలో ఒక మూల వాన కారిన మచ్చ. పాలరాయి లేదు, గోడ మీద దాతల పేర్లు లేవు. సర్కారీ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒడియా ఆవిడ నడుపుతోంది. లావుపాటి స్వెట్టరు, మెడలో తాడుకి కట్టిన కళ్ళజోడు.

నేను కావాలనే సరిగ్గా భోజనాల వేళకి వెళ్ళాను. చేతిలో పెద్ద మిఠాయి పెట్టె. ఒడియాలో చెప్పాను, రాయగడ నుంచి వచ్చానని, అందరికీ నా చేత్తో మిఠాయి పెట్టాలనుందని. ఆవిడ పెట్టె నా చేతుల్లోంచి లాక్కున్నంత పని చేసింది.

"ఇక్కడ సగం మందికి షుగరు. వాళ్ళు ఇప్పుడు అన్నం తింటున్నారు. మీరు బయట బల్ల మీద కూర్చోండి" అంది.

"చాలా దూరం నుంచి వచ్చానమ్మా."

"అయితే కాళ్ళు నొప్పిగా ఉంటాయి. కూర్చోండి."

బల్ల మీద అప్పటికే ఎవరి కొడుకో ఒకాయన బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. నాకు చోటిచ్చి, "మొదటిసారా?" అన్నాడు జాలిగా. నాకు కోపం రావాలి నిజానికి. రాలేదు. కిటికీలోంచి చూస్తే లోపల పొగలు కక్కుతున్న అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర. సూది వేసిన చోటనే కంచం పెడుతున్నారు. ఒకావిడ తినకుండా మొరాయిస్తుంటే ఆయా పక్కన కూర్చుని బతిమాలుతోంది, తర్వాత తిడుతోంది, మళ్ళీ బతిమాలుతోంది.

భోజనాలయ్యాక లోపలికి రానిచ్చింది. నేను రాయగడలో చూసినవన్నీ ఇక్కడా చూశాను. గంట నొక్కితే ఆయా తడిచేతులతో వచ్చి, నేనని చూసి కసిరింది. స్నానాలగది తలుపు ఇరుకు, చక్రాల కుర్చీ తగులుతుంది. వేణ్ణీళ్ళు బకెట్‌తో మోసుకురావాలి. ఇవన్నీ మొహం మీదే అనేశాను. ఆవిడ కాదనలేదు. చివరికి అడిగాను, ఇక్కడ ఎవరైనా పడ్డారా అని.

"పడ్డారు. పోయిన చలికాలంలో ఒకావిడ రాత్రి ఒంటరిగా లేచి పడింది. మణికట్టు విరిగింది. తప్పు మాదే, రాత్రి ఆయా నిద్రపోయింది. ఇప్పుడు ఇద్దరున్నారు, మంచాలు కిందికి దించాం. ఆ తర్వాత ఇంకొకాయన పడ్డాడు, ఆయన చెప్పులు జారుడువి. రండి, ఎక్కడో చూపిస్తాను" అంది.

వెంట వెళ్ళి చూశాను. నా గుండె మీంచి పెద్ద బస్తా దించినట్టయింది. మా అప్పకి తెలుగు మాట్లాడే మనిషి కావాలన్నాను. నన్ను కసిరిన ఆయానే పిలిచింది. ఆ అమ్మాయిది నారాయణపట్న, ఆంధ్ర సరిహద్దు. "నాకు తెలుగొచ్చునమ్మా. మీ అప్ప తిడతాదా?" అంది. బాగా తిడుతుందన్నాను. "అయితే నేనూ తిడతాను" అంది. స్నానాలగది తలుపు వెడల్పు చేయిస్తేనే తీసుకొస్తానన్నాను. ఆవిడ చేయిస్తానంది, కానీ మంచి రోజు చూసుకుని గుంపుగా రావద్దని, మనిషికి కావలసిన వేళకి రమ్మని చెప్పింది.

నేను తిరిగొచ్చిన మర్నాడు తమ్ముడు వచ్చాడు. పంతులుగారితో మంచి రోజు పెట్టించుకుని మరీ వచ్చాడు. గోడౌన్ పక్క గదిలో అప్ప మంచం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, "పెద్దప్పా, ఎల్లుండే మంచి రోజు, ఆ రోజు హోములో అందరికీ మన తరఫున భోజనాలు. నీ గది కిటికీకి కొత్త తెర కట్టించేను" అన్నాడు. అప్ప మొహం వెలిగింది. "అలాగేరా నాయనా, మనోళ్ళ మధ్య పడుంటాను" అంది.

ఇంక ఆగితే మాట దాటిపోతుంది. నేను మంచం మీద అప్ప కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఖాళీ కంచాలు, నిద్ర లేవని పాప, చెమటలు పట్టిన ముసలమ్మ, టీ బండి పంచదార. కొరాపుట్ సంగతీ చెప్పాను, రేకుల కప్పు, చలి, ఇరుకు తలుపు ఏదీ దాచలేదు. తమ్ముడు మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాడు. అప్ప వేలు ఎత్తి వాడిని ఆపింది.

అప్ప అంతా వింది. తర్వాత నన్ను కాదు, వాడిని అడిగింది.

"ఒరే, నాన్న పేరున మనం పెట్టీటప్పుడు ఎన్నింటికి ఎల్లీవోళ్ళంరా?"

వాడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"గారెలు ఏడిగా ఉండాలని నేనే కదరా ఆఖర్న వేసీదాన్ని. నువ్వు కారు హారన్ కొడతా ఉంటే, ఉండరా ఇంకో వాయి, ఇంకో వాయి అనీదాన్ని. అంతసేపూ ఆళ్ళు అలాగ ఉత్త కంచాల ముందు కూకునుండీవోరా?"

"పెద్దప్పా, అది కాదు..."

"మనం ఎల్లేసరికి ఎవలూ ఒక్క మాట అనీవోరు కాదు. ఆకలేస్తోందని కూడా అనీవోరు కాదురా. నన్ను సూసి లెగలేక లెగిసి దండం పెట్టీవోరు. నా గారెలకే అనుకునీదాన్ని."

నేను నీళ్ళు ఇవ్వబోతే వద్దంది. వాడి చెయ్యి పట్టుకుంది. కోపంగా పట్టుకోలేదు, గట్టిగా పట్టుకుంది.

"ఎల్లుండి నుంచి నన్నూ అలాగ దండం పెట్టమంటావేటిరా?"

వాడు ఆ చెయ్యి మొహానికి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి లేచి, ముక్కు తుడుచుకుని, పడుకోబెట్టి తీసుకెళ్ళే బండి కొరాపుట్ వరకు వస్తుందా అని ఎవరికో ఫోన్ చేశాడు. మధ్యాహ్నం పన్నెండుకి ముందే అక్కడికి చేరిపోవాలని గట్టిగా చెబుతున్నాడు.